బీటీ పత్తి వేసినా నాన్న మందుల బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: రవళి, కుందలహళ్ళి

నమస్తే అండి. మాది ఆదోని పక్కన పల్లె. పెళ్ళయ్యాక బెంగళూరులో, కుందలహళ్ళి గేటు దగ్గర ఉంటున్నాం. నాన్న పత్తి వేస్తారు. కొంత పొలం తుంగభద్ర దిగువ కాలవ (ఎల్లెల్సీ) కింద, మిగతాది వాన మీదే. మందుల షాపులో బిల్లు రాయగానే ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెడతారు, నేను ఫోన్‌పే చేస్తాను. అందుకే పొలానికి దూరంగా ఉన్నా మందుల పేర్లన్నీ నాకు నోటికి వచ్చేశాయి.

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఎవరో తెచ్చిన గుత్తివంకాయ కూర మీద మాట మొదలై జీఎం పంటల దాకా, అంటే జన్యువులు మార్చిన పంటల దాకా వెళ్ళింది. మా టీమ్‌లో ఒకతను బయోటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాడు. "పురుగుని చంపే గుణం మొక్కలోనే ఉంటే బయటి నుంచి కొట్టే పనే ఉండదు. మన దేశంలో పత్తికి తప్ప దేనికీ ఒప్పుకోకపోబట్టే ఇన్ని మందులు తింటున్నాం" అన్నాడు. నేను ఫోన్ తీసి నాన్న బిల్లు చూపించాను. ఇమిడా, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, ఏదో టానిక్, ఇంకేదో హార్మోన్. వేసింది మాత్రం బీటీ పత్తే. అతను కాసేపు చూసి "మీ నాన్నగారు అవసరానికి మించి కొడుతున్నారేమో" అన్నాడు. కోపం వచ్చింది. కానీ కాదని గట్టిగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాన్నని అడిగితే "బీటీ రాకముందు సేద్యం నువ్వు చూళ్ళేదు" అంటారు. అమ్మేమో "అప్పుడూ కొట్టాడు, ఇప్పుడూ కొడుతున్నాడు" అంటుంది.

పొలం తెలిసినవాళ్ళు చెప్పండి. జీఎం వల్ల పురుగుమందులు నిజంగా తగ్గాయా? తగ్గితే ఈ బిల్లేమిటి? వంకాయకి కూడా వస్తే మనం తినే కూరగాయల్లో మందు తగ్గుతుందా? కంపెనీలు మంచివా చెడ్డవా అనే గొడవ వద్దు, దానికి వేరే చోట్లు ఉన్నాయి.

జవాబు: నల్లరేగడి, యలహంక

అమ్మా రవళీ, బిల్లు చూపించి మంచి పని చేశావు. మీ ఆఫీసతనికి దాన్ని చదవడం రాలేదు, అంతే. నేను చదువుతాను. విత్తనాలు, మందులు అమ్మే ఉద్యోగంలో నంద్యాల, ఎమ్మిగనూరు, ఆదోని అన్నీ తిరిగి రిటైరయ్యాను, ఇప్పుడు కూతురి దగ్గర యలహంకలో ఉంటున్నాను. ఆ సీసాలు అమ్మినవాణ్ణి కాబట్టి ఏది దేనికో తెలుసు.

ఇమిడా, ఎసిఫేట్ రసం పీల్చే పురుగులకి. పచ్చదోమ, పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ. బీటీ వీటి జోలికే పోదు. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీన్ అది. ఆ జన్యువుని తీసి పత్తిలో పెట్టారు. ఆకునో కాయనో కొరికే లద్దెపురుగు కడుపులో క్షారగుణం ఎక్కువ. అక్కడ ఆ ప్రోటీన్ కరిగి, పేగు గోడకి పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. పురుగు మేత మానేసి చస్తుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, పైగా అది పట్టుకునే చోటు మన పేగులో లేదు. దోమకీ పేనుకీ కూడా దాని వల్ల ఏమీ కాదు. అంటే నీ బిల్లులో మొదటి రెండు సీసాలకీ బీటీకీ సంబంధం లేదు.

ఇక మీ నాన్న మాట. 1990ల్లో పత్తికి యముడు శనగపచ్చ పురుగు. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ లాంటివి కొట్టీ కొట్టీ వాటికి అలవాటు పడిపోయింది. ఒకటి పనిచేయకపోతే రెండు కలిపేవాళ్ళు, రెండూ పనిచేయకపోతే మూడోది. కూలీలను పెట్టి పురుగులు ఏరించి కిరసనాయిలు కలిపిన నీళ్ళలో వేయించిన రైతులు నాకు తెలుసు. 1997-98లో వరంగల్ వైపు పొగాకు లద్దెపురుగు కూడా తోడయ్యి పత్తి తుడిచిపెట్టుకుపోయింది. పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశమంతా మాట్లాడింది ఆ ఏడే.

2002 మార్చిలో బీటీకి అనుమతి వచ్చింది. మొదట ఒకే జన్యువు, మూడే మూడు హైబ్రిడ్‌లు (రెండు రకాలు కలిపి చేసిన సంకర విత్తనాలు). 2006లో రెండో జన్యువు చేర్చిన బోల్‌గార్డ్-2 వచ్చింది. అదే ఏడు మన ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కంపెనీతో తగాదా పడి, పదహారు వందల రూపాయల పైన ఉన్న విత్తనం ప్యాకెట్‌ని 750కి దింపింది. ఆ తర్వాత బీటీ వేయని రైతు దాదాపు మిగల్లేదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ లెక్క ప్రకారం పత్తి మీద కాయతొలుచు పురుగుల కోసం దేశమంతా వాడిన మందు 2001లో 5,748 టన్నులు. 2011కి అది 222 టన్నులు. ఈ లెక్క ఎవరైనా కొట్టిపారేస్తే నేనొప్పుకోను. కాయపురుగు మందుల్లో మా అమ్మకాలు ఎలా పడిపోయాయో, ఇన్సెంటివ్‌లు ఎలా పోయాయో నాకు గుర్తుంది.

అయితే మీ అమ్మ మాటా తీసేసేది కాదు. మొత్తం పురుగుమందు 2006 ప్రాంతం దాకా దిగి, మళ్ళీ ఎక్కింది. నాగపూర్ సంస్థకే డైరెక్టర్‌గా చేసిన కేశవ్ క్రాంతి, అమెరికా ఆచార్యుడు గ్లెన్ స్టోన్ కలిసి 2020లో నేచర్ ప్లాంట్స్ పత్రికలో రాశారు. రైతు ఇప్పుడు మందుల మీద పెడుతున్న ఖర్చు బీటీకి ముందుకంటే ఎక్కువేనని వాళ్ళు తేల్చారు.

ఎందుకెక్కింది? బీటీ జన్యువు పెట్టిన హైబ్రిడ్‌లు వెయ్యికి పైగా వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటికి పచ్చదోమని తట్టుకునే గుణం లేదు. ఆకు మీద నూగు ఉండే పాత రకాల మీద దోమ అంతగా నిలిచేది కాదు. ఈ లోటు కనబడకుండా విత్తనానికే ఇమిడా పట్టించి అమ్మారు. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేసింది, తర్వాత దోమ దానికీ అలవాటు పడింది. పైగా హైబ్రిడ్ కాబట్టి దిగుబడి రావాలని యూరియా ఎక్కువ వేస్తాం, ఆకు లేతగా పచ్చగా ఉంటుంది, దోమకి అంతకన్నా ఏం కావాలి? కాయపురుగు మందులో మిగిలిన డబ్బు దోమమందుకి పోయింది. తప్పు జన్యువుది కాదంటాను నేను. దాన్ని ఎలాంటి మొక్కలో పెట్టి అమ్మారన్నదే తేడా చేసింది.

టానిక్, హార్మోన్ గురించి ఏం చెప్పమంటావు? అప్పు మీద మందిచ్చే షాపువాడు పక్కన ఇంకో రెండు సీసాలు పెడతాడు. అప్పు తీసుకున్నవాడు వద్దనలేడు. ఇప్పుడు నువ్వు ఫోన్‌పేలో డబ్బు కడుతున్నావు కాబట్టి వద్దనొచ్చు.

జవాబు: పురుగుల విద్యార్థి, హెబ్బాళ

అక్కా, నల్లరేగడి గారు ప్రొఫెనోఫాస్ గురించి మాట్లాడలేదు. నాకు దాని మీదే అనుమానం. ఆ బిల్లు ఏ నెలదో చెప్తారా? ఆగస్టుదైతే ఒక సంగతి, నవంబరుదైతే వేరే సంగతి.

నేను కీటకశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నవంబరులో బీటీ పత్తి మీద ప్రొఫెనోఫాస్ కొడుతున్నారంటే చాలావరకు గులాబీ రంగు పురుగు కోసమే. పువ్వు రేకులు విప్పుకోకుండా ముడుచుకుపోయి ఉంటాయే, గుడ్డిపూలు అంటారు, అది దీని పనే. తర్వాత కాయలో దూరి గింజ తింటుంది. ఇది కూడా లద్దెపురుగే కాబట్టి బీటీకి చావాలి. మొదట్లో చచ్చింది కూడా. మొదటి జన్యువుని తట్టుకునే పురుగులు గుజరాత్‌లో 2010 నాటికే బయటపడ్డాయి. 2015 నాటికి రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 మీద కూడా బతకడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్రల్లో చాలాచోట్ల బీటీ దీన్ని ఆపడం లేదు.

శనగపచ్చ పురుగు ఇంతగా తిరగబడలేదు, ఇది తిరగబడింది. ఎందుకని నన్ను చాలామంది అడుగుతుంటారు. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట అన్నీ తింటుంది. బీటీ లేని పైర్ల మీద పెరిగిన పురుగులు వచ్చి పత్తి మీద బతికి బయటపడ్డ ఒకటో రెండో పురుగులతో కలుస్తాయి. పిల్లల్లో తట్టుకునే గుణం పలచబడుతుంది. గులాబీ పురుగుకి దాదాపు పత్తే ప్రపంచం. ఊరంతా బీటీ పత్తే ఉంటే, బతికినవి బతికినవాటితోనే కలుస్తాయి.

దీనికి విరుగుడు ముందే రాసిపెట్టారు. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవాళ్ళు. పొలం చుట్టూ వేయమని. మీ నాన్నగారిని అడగండి, ఆ చిన్న ప్యాకెట్ ఏం చేసేవారో. మా మామయ్యవాళ్ళు గట్టు మీద పారేసేవారు, పురుగులకి మేత పెట్టడానికి నాలుగు సాళ్ళు ఎవడు వదులుకుంటాడు అని. రైతుని తప్పుపట్టలేను. లాభం ఊరందరిదీ, నష్టం ఒక్కడిదీ అయినప్పుడు ఎవరూ చేయరు. తర్వాత మామూలు విత్తనాన్ని అదే సంచిలో కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇంకొకటుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన దగ్గర అమ్మేది హైబ్రిడ్. హైబ్రిడ్ మొక్క కాయలో గింజలన్నీ ఒకేలా ఉండవు, కొన్నింటిలో ఒక జన్యువు ఉండదు, కొన్నింటిలో రెండూ ఉండవు. గులాబీ పురుగు తినేది గింజల్నే. అంటే ఒకే కాయలో దానికి బీటీ ఉన్న గింజా, లేని గింజా పక్కపక్కనే దొరుకుతాయి. కొద్దిగా తట్టుకునే పురుగు కూడా అలా బతికి బయటపడుతుంది. దాన్ని మనమే మెల్లగా తయారుచేసుకున్నట్టు అయింది.

అమెరికాలో 2018లో తమ పత్తి సాగు ప్రాంతాల్లో గులాబీ పురుగు లేకుండా పోయిందని ప్రకటించారు. బీటీ పత్తి ఒక్కదానితో కాదు. వంధ్యత్వం కలిగించిన రెక్కల పురుగుల్ని విమానాల నుంచి వదిలారు, పంట అవగానే మోళ్ళు దున్నేశారు, ఆడ మగ కలవకుండా ఎర వాసనలు పెట్టారు. అన్నీ కలిపి చేశారు. అక్కడివి హైబ్రిడ్‌లు కావు, మామూలు రకాలు.

జవాబు: మిద్దెతోట, జేపీ నగర్

ఇక్కడ అందరూ జీఎం అంటే బీటీ ఒక్కటే అన్నట్టు మాట్లాడుతున్నారు. ప్రపంచంలో జీఎం పంటల్లో పెద్ద భాగం కలుపుమందుని తట్టుకునేవి. పైరు చావదు, కలుపు మాత్రమే చస్తుంది కాబట్టి ధైర్యంగా గ్లైఫోసేట్ కొట్టొచ్చు. అమెరికాలో సోయాలో అలాగే కొట్టి, ఆ మందు వాడకం విపరీతంగా పెరిగింది. దానికి చావని కలుపులూ పుట్టుకొచ్చాయి. మందు తగ్గిస్తుందని చెప్పి అమ్మే సరుకులో సగం మందుని పెంచడానికే తయారైందంటే నేనేమనుకోవాలి?

మన దగ్గర అలాంటి పత్తికి అనుమతి లేదు. అయినా దొంగ విత్తనం ఆంధ్రలో, తెలంగాణలో, గుజరాత్‌లో దొరుకుతూనే ఉంది. కలుపు కూలీ గిట్టక రైతు కొంటున్నాడు, అది నాకు అర్థమవుతుంది. డీఎంహెచ్-11 అనే జీఎం ఆవాల సంగతి చూడండి. 2022లో వాటిని బయట పొలాల్లో వేయడానికి, జీఎం పంటల్ని పరిశీలించే కేంద్ర కమిటీ సరేనంది. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరోమాట చెప్పారు. ఆ ఆవాల్లో పురుగుని ఆపే జన్యువేదీ లేదు. హైబ్రిడ్ చేయడానికి పెట్టినవి, వాటితో పాటు కలుపుమందుని తట్టుకునేది.

ఇక బీటీ వంకాయ విషయం. 2010లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఏడు నగరాల్లో సభలు పెట్టి జనం మాట విన్నారు, బెంగళూరు అందులో ఒకటి. ఆ తర్వాతే ఆపారు. మన దేశం వంకాయకి పుట్టిల్లు. ఉడుపి మట్టుగుళ్ళ లాంటి రకాలున్న చోట తొందరెందుకు? నా మిద్దె మీద వంకాయకి పుచ్చు వస్తుంది. వాడిన మొవ్వలు తుంచి పారేస్తాను, వేపనూనె కొడతాను, సగం కాయలు దక్కుతాయి, చాలు. మార్కెట్లో కొనే వంకాయ మీద ఎన్నిసార్లు కొట్టారో ఎవరికి తెలుసు. కూరగాయలు పండించేవాళ్ళు తమ ఇంటికి మందు కొట్టని సాలు విడిగా పెట్టుకుంటారని అంటారు, అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

జవాబు: హొసకోటె రైతు

మేడం, మీ మిద్దె మీద సగం కాయలు దక్కితే చాలు. నాకు సగం దక్కితే కౌలు కట్టలేను. ఇంటికి విడిగా సాలు మాకైతే లేదు. అదే తోటలో, మందు కొట్టాక నాలుగు రోజులు ఆగి కోసుకుంటాం. మార్కెట్‌కి పోయే కాయకి ఆ నాలుగు రోజులు ఉండవు, బాధ అక్కడుంది.

మాది హొసకోటె తాలూకా. ఇంట్లో తెలుగే. వంకాయ, బీన్స్, టమాట వేస్తాం, కేఆర్ మార్కెట్‌కి పోతుంది. వంకాయకి మొవ్వు, కాయ తొలిచే పురుగు ఎలాంటిదంటే, గుడ్డు పగిలిన కొన్ని గంటల్లోనే మొవ్వలోకో కాయలోకో దూరిపోతుంది. దూరాక తను తిన్న రంధ్రాన్ని తన పెంటతోనే మూసేస్తుంది. పైన మందు నదిలా పారించినా దానికి తగలదు. మందు తగలాల్సింది ఆ కొన్ని గంటల్లో. అది ఏ రోజు ఏ మొక్క మీద గుడ్డు పగులుతుందో నాకెలా తెలుస్తుంది? అందుకని అందరం రోజులు లెక్కపెట్టుకుని కొడుతూ పోతాం. కోతకి కోతకి మధ్య కూడా కొట్టక తప్పదు. కాయ మీద చిన్న చుక్క కనబడితే మండీలో గోనె పక్కన పెట్టేస్తారు.

మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద 2005 నుంచీ నిషేధం. అది కొట్టేవాళ్ళు ఇప్పటికీ లేరని నేను చెప్పను.

పత్తికి బీటీ వచ్చినా దోమమందు తప్పలేదని పైన పెద్దాయన రాశారు. వంకాయకీ తెల్లదోమ, తామర పురుగు ఉన్నాయి, వాటికి కొట్టక తప్పదు. కానీ వంకాయలో మేం కొట్టే మందుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క పురుగు కోసమే. అందుకే బీటీ వల్ల పత్తిలో కంటే వంకాయలోనే ఎక్కువ తేడా కనబడాలి. బంగ్లాదేశ్‌లో 2013లో అనుమతిచ్చారు, 2014 జనవరిలో మొదట ఇరవై మంది రైతులకి నారు ఇచ్చారు. తర్వాత అక్కడ పద్ధతిగా రైతుల్ని రెండు గుంపులుగా చేసి చూసిన అధ్యయనంలో మందుల ఖర్చు సగానికి దగ్గరగా తగ్గింది. ఇంకో సంగతి, అక్కడిచ్చినవి ప్రభుత్వ సంస్థ రకాలు, హైబ్రిడ్‌లు కావు. రైతు విత్తనం దాచుకోవచ్చు. మన దేశంలో 2009 అక్టోబరులో కమిటీ సరేనంది, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు, ఇప్పటికీ అలాగే ఉంది. మేడం చెప్పిన మట్టుగుళ్ళ రకంలోకి కూడా ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ జన్యువు పెట్టింది. అంటే పాత రకాల్లోనూ పెట్టొచ్చు. పెట్టాక పక్క తోటలోకి పుప్పొడి పోతుందా అన్నది అడగాల్సిన ప్రశ్నే. దాని మీద మీతో నాకు గొడవ లేదు.

జీఎం వద్దనేవాళ్ళు కొందరు బీటీ పొడి నీళ్ళలో కలిపి కొట్టుకోవచ్చు కదా, అది సేంద్రియ సేద్యంలో ఒప్పుకున్నదే అంటారు. నిజమే, అదే బ్యాక్టీరియా. కానీ నా తోట పక్కన మల్బరీ తోట ఉంది. పట్టుపురుగు కూడా లద్దెపురుగే కదా. గాలికి ఆ పొడి మల్బరీ ఆకు మీద పడితే ఆయన చంద్రికలు (పురుగులు గూళ్ళు అల్లే తట్టలు) ఖాళీ. అసలు ఈ బ్యాక్టీరియాని 1901లో జపాన్‌లో మొదట కనిపెట్టిందే చచ్చిన పట్టుపురుగుల్లో అని పట్టు పరిశ్రమ శాఖ ఆఫీసరు ఒకాయన మాకు చెప్పారు. అందుకే ఇటు శిడ్లఘట్ట, విజయపుర వైపు పట్టు చేసేవాళ్ళు బీటీ పొడి పేరు చెబితేనే ఒప్పుకోరు. మొక్క లోపల ఉంటే నా పక్కాయనకి ఆ భయం ఉండదు.

జవాబు: రవళి, కుందలహళ్ళి

అందరికీ థాంక్స్ అండి. ఇంత రాస్తారనుకోలేదు.

ప్రొఫెనోఫాస్ బిల్లు నవంబరు చివరిది. ముందు బిల్లులు వెతికితే జులై, ఆగస్టుల్లో ఇమిడా, ఎసిఫేట్ ఉన్నాయి. పురుగుల విద్యార్థి గారి అనుమానం సరిపోయింది. నాన్నకి ఫోన్ చేసి గుడ్డిపూలు ఉన్నాయా అని అడిగాను. "నీకెవరు చెప్పారు?" అన్నారు. ఉన్నాయట. 120 గ్రాముల ప్యాకెట్ సంగతి అడిగితే నవ్వారు, జవాబు చెప్పలేదు.

కాలవ నీళ్ళు ఉంటాయి కాబట్టి కింది పొలంలో పత్తిని ఫిబ్రవరి దాకా ఉంచుతారు. రెండో కాపు వస్తుందని. మోళ్ళు వంటచెరుకుకి గట్టు మీద కుప్ప పెడతారు. అదీ తప్పేనా? వచ్చే ఏడు కలుపుమందు తట్టుకునే విత్తనం తెస్తానని ఊళ్ళో ఒకాయన అన్నాడట. నాన్న ఆలోచిస్తున్నారు. మిద్దెతోట గారు చెప్పిన దొంగ విత్తనం అదేనేమో.

ఇంకో చిన్న విషయం. మా ఆఫీసతను "మనం జీఎం తినడమే లేదు" అన్నాడు. నిజమేనా?

జవాబు: నల్లరేగడి, యలహంక

చివరి దానికి ముందు చెప్తాను. మీ ఆఫీసు క్యాంటీన్‌లో మిక్స్చర్ ప్యాకెట్ వెనక చదవమను. కాటన్‌సీడ్ ఆయిల్ అని ఉంటే అది బీటీ పత్తిగింజ నూనే, మన పత్తి దాదాపు అంతా అదే కాబట్టి. నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు, అది వేరే సంగతి. పత్తిచెక్క బర్రెలు కూడా తింటున్నాయి.

ఫిబ్రవరి దాకా ఉంచడమే గులాబీ పురుగుకి ఇల్లు కట్టి ఇవ్వడం. దానికి బోలెడు తరాలు గడుస్తాయి. ఎకరాకి రెండో కాపులో వచ్చే పత్తి ఎంత, ఆ నెలల్లో మందు, కూలీ ఎంత అని మీ నాన్నతో కూర్చుని నువ్వే లెక్క వెయ్యి. బిల్లులన్నీ నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా. మిగిలేది పెద్దగా ఉండదనే నా అంచనా. డిసెంబరు దాటనివ్వకుండా పత్తి తీసేసి కాలవ నీళ్ళకి జొన్నో, వేరుశనగో వేసుకోమను. మోళ్ళ కుప్ప గట్టున వద్దు. ఎండు కాయల్లో పురుగు నిద్రపోతూ జూన్ దాకా ఉంటుంది. ష్రెడ్డర్ దొరికితే మోళ్ళు ముక్కలు చేసి నేలలో కలిపేయొచ్చు. లేకపోతే పశువుల్ని మేపి, వెంటనే పొలం బయటికి తరలించండి. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులకి దగ్గర పొలమైతే ఇంకా జాగ్రత్త. గింజతో పాటు పురుగు మిల్లుకి చేరి అక్కడి నుంచి లేస్తుంది.

విత్తనం కొనేటప్పుడు తక్కువ కాలంలో అయిపోయే హైబ్రిడ్, ఆకు మీద నూగు ఉన్నది అడగండి. రెండూ ఉన్నది దొరకడం కష్టం. దొరికితే పక్కవాళ్ళు ఏం వేశారో చూడకుండా దాన్నే తీసుకోండి. దగ్గర దగ్గర నాటి పంట త్వరగా ఒకేసారి కాసేలా చూస్తే మంచిది.

దొంగ విత్తనం వద్దు. మిద్దెతోట అమ్మతో నాకు అన్నిట్లో కుదరదు గానీ ఇందులో ఆమె పక్కనే ఉంటాను. బిల్లు ఉండదు, మొలవకపోతే అడగడానికి మనిషి ఉండడు. పక్క పొలంలో కందో మిరపో ఉంటే గ్లైఫోసేట్ గాలికి పోయి దాన్ని మాడుస్తుంది, ఊళ్ళో తగాదా. పైగా అందులో బీటీ నిజంగా ఉందో లేదో కూడా తెలియదు. అప్పుడు కాయపురుగు మందు బిల్లు 1990ల నాటికి వెళ్తుంది.

ప్రొఫెనోఫాస్ కొట్టాలా వద్దా అన్నది కేలండర్ చూసి కాదు, బుట్ట చూసి తేల్చుకోవాలి. పూత మొదలయ్యేసరికి ఎకరానికి నాలుగైనా లింగాకర్షక బుట్టలు, అంటే ఎర వాసనతో మగ పురుగుల్ని లాగే బుట్టలు, పెట్టించు. ఒక బుట్టలో రోజుకి ఎనిమిది రెక్కల పురుగులు వరసగా మూడు రోజులు పడితే అప్పుడు మందు. లేదా పదింట ఒక పువ్వు గుడ్డిపువ్వైతే. అంతకు ముందు షాపువాడు ఏమన్నా వినొద్దని చెప్పు. వేప కషాయం మొదట్లో కొట్టుకోవచ్చు, గుడ్లు పెట్టడం తగ్గుతుంది.

టానిక్, హార్మోన్ రెండూ బిల్లులోంచి తీసేయించు. ఆ డబ్బుతో బుట్టలొస్తాయి.

జవాబు: రవళి, కుందలహళ్ళి

నాన్నకి ఇది మొత్తం చదివి వినిపించాను. విత్తనం మాట దగ్గర "సరేలే" అన్నారు, అది ఆయన ఒప్పుకున్నట్టే. డిసెంబరుకి తీసేయడం మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, లెక్క చూద్దాం అన్నారు. బుట్టలు గతంలో ఒకసారి పెట్టారట, ఒక్క పురుగూ పడలేదట, అందుకే నమ్మకం లేదంటున్నారు.

జవాబు: పురుగుల విద్యార్థి, హెబ్బాళ

అక్కా, ఆ బుట్టలో ఏ ఎర పెట్టారో కనుక్కోండి. బుట్ట అన్నిటికీ ఒకేలా ఉంటుంది, ఎర మాత్రం ఏ పురుగుకి ఆ పురుగుదే. శనగపచ్చ పురుగు ఎర పెడితే గులాబీ పురుగు మగది దాని దరిదాపులకి కూడా రాదు. షాపులో "పత్తి ఎర" అని అడిగితే ఎక్కువగా శనగపచ్చదే చేతిలో పెడతారు. గులాబీ రంగు పురుగు ఎర అని పేరు పెట్టి అడగండి, ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి, ఫ్రిజ్‌లో పెట్టినదైతే మేలు. మూడు, నాలుగు వారాలకి ఎర మార్చాలి. పాతదాన్ని బుట్ట కిందే పారేయొద్దు, దూరంగా పూడ్చేయండి. బుట్ట ఎత్తు మొక్క చిగురుకి ఒక అడుగు పైన ఉండాలి, పత్తి పెరిగేకొద్దీ కర్రకి పైకి జరుపుతూ ఉండాలి.